ఈవెంట్స్‌కి ముందు కాళ్ళు సాగదీయాలా వద్దా? గ్రౌండ్‌లో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు

ఖాకీకల_23 | ఉదయం 9:40

అందరికీ నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం ఆరు నెలలుగా గ్రౌండ్‌కి పోతున్నాను. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్ళకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలి, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. వచ్చేసారి కూడా ఇంచుమించు ఇట్లనే ఉంటుందని దానికే ప్రాక్టీస్ చేస్తున్నా. నా టైమింగ్ 7:25 దగ్గర ఆగిపోయింది.

మా కోచింగ్ సెంటర్‌లో పొద్దున ఐదింటికి రాగానే చలిలో వరసగా నిలబెట్టి 25 నిమిషాలు కాళ్ళు సాగదీయిస్తారు. వంగి బొటనవేళ్ళు పట్టుకుని నూరు దాకా లెక్కపెట్టాలి. అందనివాళ్ళ వీపు మీద ఇంకొకరు రెండు చేతులతో నొక్కుతారు. అది అయిన వెంటనే విజిల్ వేసి 1600 ఉరికిస్తారు. పదిహేను రోజుల కింద మొదటి రౌండ్‌లోనే నా కుడి తొడ వెనక పట్టేసింది. ఇప్పుడు నడిస్తే ఏం లేదు, స్పీడ్ పెంచితే గుంజుతోంది.

నా రూమ్మేట్ ఏమో ‘యూట్యూబ్‌లో చూసిన, పరుగుకి ముందు స్ట్రెచింగ్ చేయొద్దట’ అంటాడు. సార్‌ని అడిగితే ‘నువ్వు సరిగ్గా సాగదీయలేదు కాబట్టే పట్టేసింది’ అన్నారు. ఎవరి మాట వినాలి?

పీఈటీ_మాష్టారు | ఉదయం 10:15

బాబూ, నేను 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. సాగదీయకుండా ఏ పిల్లాణ్ణీ ట్రాక్ ఎక్కించలేదు. మీ సార్ చెప్పిందే కరెక్ట్. రబ్బరు బిగుసుకుని ఉంటే తెగుతుంది, సాగితే తెగదు. పరుగు అయ్యాక కూడా సాగదీయాలి, లేకపోతే లాక్టిక్ యాసిడ్ కండరంలో పేరుకుపోయి మర్నాడు మెట్లు దిగలేవు. యూట్యూబ్ చూసి గురువుని కాదనుకోవద్దు.

డల్లాస్_పరుగు | ఉదయం 10:31

మాష్టారూ, నమస్కారం. మీ అనుభవం ముందు నేను చిన్నవాణ్ణి, కానీ ఈ విషయం మీద పరిశోధనలు బాగానే జరిగాయి. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1538 మందిని రెండు గుంపులు చేసి 12 వారాలు చూశారు. ఒక గుంపు శిక్షణకి ముందు ఆరు రకాల కాలి కండరాలు ఒక్కోటి 20 సెకన్లు సాగదీసింది, రెండో గుంపు సాగదీయలేదు. రెండు గుంపులూ వార్మప్ మాత్రం చేశాయి. దెబ్బలు ఇటూ అటూ దాదాపు సమానమే. 2000లో అచ్చయింది ఆ పేపర్.

బీచ్‌రోడ్_బాబాయ్ | ఉదయం 10:50

మా వీధిలో కుక్కలున్నాయి. వార్మప్, స్ట్రెచింగ్, స్ప్రింట్ అన్నీ అవే చేయిస్తాయి, ఫీజు లేదు.

ఫిజియో_పద్మ | మధ్యాహ్నం 1:20

లంచ్ టైంలో రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

‘స్ట్రెచింగ్’ అని అందరం ఒకే మాట వాడటం వల్లే సగం గొడవ. ఒక భంగిమలో ఆగి కండరాన్ని లాగి పట్టుకోవడం ఒకటి. కాళ్ళూ తుంటీ కదిలిస్తూ, ఊపుతూ కీళ్ళని వాటి పూర్తి దూరం తిప్పడం ఇంకొకటి. పరుగుకి ముందు కావాల్సింది రెండోది. తమ్ముడి గ్రౌండ్‌లో మొదటిది, అదీ చల్లటి ఒంటితో, అదీ నూరు అంకెలు చేయిస్తున్నారు.

ఒక కండరాన్ని నిమిషం దాటి లాగి పట్టుకుంటే ఆ తర్వాత కాసేపు దాని బలం, విసురు కొద్ది శాతం తగ్గుతాయి. 20–30 సెకన్లు పట్టుకుంటే ఆ తేడా దాదాపు కనిపించదు, ఆ పైన కాస్త పరిగెత్తితే అదీ పోతుంది. కాబట్టి మీ రూమ్మేట్ విన్నది పూర్తి అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆదివారం ఐదు కిలోమీటర్లు మెల్లగా పరిగెత్తడానికి ఆ కొద్ది శాతం లెక్కలోకి రాదు. 7:25 నుంచి 7:15కి రావాల్సినవాడికి, ఆ వెంటనే లాంగ్ జంప్ కొట్టాల్సినవాడికి వస్తుంది.

వీపు మీద ఇంకొకరు నొక్కడం మాత్రం దయచేసి ఆపించండి. ఎంత లాగితే చాలో లాగించుకుంటున్నవాడి ఒంటికే తెలుస్తుంది, పైన నొక్కేవాడికి తెలియదు. తొడ వెనక కండరం చిట్లిన కుర్రాళ్ళని నా క్లినిక్‌లో ఈ కథతోనే చూశాను.

మాష్టారు గారి రబ్బరు పోలిక గురించి ఒక మాట. కండరం తెగేది పొట్టిగా ఉండటం వల్లే కాదు. కాలు ముందుకి విసిరి నేల మీద మోపే ఆ క్షణంలో తొడ వెనక కండరం సాగుతూనే బలంగా పట్టి ఆపాలి. ఆ ఆపే బలం చాలనప్పుడు పట్టేస్తుంది. ఎంత సాగుతుంది అన్నదాని కన్నా సాగినప్పుడు ఎంత బరువు ఆపగలదు అన్నది ముఖ్యం.

పీఈటీ_మాష్టారు | మధ్యాహ్నం 2:05

అమ్మా, చదువుకున్నదానివి, కాదనను. కానీ మా పిల్లలు జిల్లా స్థాయిలో మెడల్స్ తెచ్చారు. నేను చేయించింది తప్పయితే వాళ్ళు ఎలా గెలిచారు?

ఫిజియో_పద్మ | మధ్యాహ్నం 2:30

మాష్టారూ, ఒక్కటి అడుగుతాను. సాగదీయడానికి ముందు మీరు పిల్లల చేత గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు వేయించేవారా?

పీఈటీ_మాష్టారు | మధ్యాహ్నం 2:41

వేయించకుండా ఎలా? రెండు రౌండ్లు జాగింగ్, ఆ తర్వాత ఎక్సర్‌సైజులు, గుంజీళ్ళు, చివర్లో నాలుగు చిన్న స్ప్రింట్లు. ఆ తర్వాతే రేసు.

ఫిజియో_పద్మ | మధ్యాహ్నం 2:44

అదండీ మెడల్స్ తెచ్చింది. 🙂

నెక్లెస్‌రోడ్_సరళ | సాయంత్రం 4:10

ఈ చర్చలో దూరొచ్చా? నాకు 41. పిల్లల బాక్సులు కట్టి బయటపడితే నాకు దొరికేది నలభై నిమిషాలు. అందులో వార్మప్ పది, స్ట్రెచింగ్ పది అంటే ఇంక పరిగెత్తేది ఎప్పుడు? పైగా రెండు నెలలుగా పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ కింద మేకు గుచ్చినట్టు ఉంటోంది. పది అడుగులు వేశాక తగ్గుతుంది. పిక్కలు సాగదీయమని అందరూ అంటున్నారు, సాగదీస్తూనే ఉన్నాను.

బీచ్‌రోడ్_బాబాయ్ | సాయంత్రం 5:35

సరళ గారూ, మీ మొదటి ప్రశ్నకి నేను చెప్తాను, నాకూ అదే ఇబ్బంది ఉండేది. వైజాగ్‌లో పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు, ఆ టైం దాటితే మళ్ళీ ట్రాఫిక్. అందుకని నేను ఏమీ చేయను. మొదటి ఏడెనిమిది నిమిషాలు పక్కవాడితో కబుర్లు చెప్పగలిగేంత మెల్లగా పరిగెత్తుతాను. అదే వార్మప్. మెల్లటి పరుగుకి వేరే వార్మప్ ఎందుకండీ, అదే వార్మప్ కదా. స్పీడ్ కొట్టే రోజున మాత్రం దొంగతనం చేయను.

ఇది నేర్చుకోవడానికి నాకో పిక్క ఖర్చయింది. మూడేళ్ళ కింద ఒక హాఫ్ మారథాన్‌కి లేటుగా వెళ్ళాను. గబగబా ఒక గోడ పట్టుకుని రెండు పిక్కలు గట్టిగా లాగి ‘అయిపోయింది స్ట్రెచింగ్’ అనుకుని జనంతో పాటు దూకాను. కిలోమీటరు దాటకుండానే వెనక నుంచి ఎవరో రాయి విసిరినట్టు తగిలింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నాను. మా ఆవిడ ‘మెడల్ ఏదండీ’ అని ఇప్పటికీ అడుగుతుంది.

ఫిజియో_పద్మ | రాత్రి 9:15

బాబాయ్ గారూ, ఆ ‘రాయి తగిలినట్టు’ అన్నది పిక్క కండరం చిట్లినవాళ్ళు అచ్చంగా చెప్పే మాట. ఎవరికైనా అలా అయితే సాగదీసి సరిచేయాలని చూడకండి. వాపు, కమిలిన మచ్చ, లేదా మునివేళ్ళ మీద లేవలేకపోవడం ఉంటే డాక్టర్ దగ్గరికే.

సరళ గారూ, నలభై నిమిషాల లెక్కకి బాబాయ్ గారు చెప్పిందే నా జవాబు. ఆగి పట్టుకునే స్ట్రెచింగ్‌ని పరుగుకి అతికించాల్సిన పని లేదు. పాలు పొంగే దాకా స్టవ్ దగ్గర నిలబడతారు కదా, గట్టు పట్టుకుని ఒక కాలు వెనక్కి పెట్టి మడమ నేలకి ఆనించండి. మోకాలు నిటారుగా ఉంటే పై పిక్క లాగుతుంది. కొంచెం వంచితే లోపలి పిక్క లాగుతుంది. రెండూ వేర్వేరు కండరాలు, చాలామంది మొదటిదే చేసి వదిలేస్తారు. ఒక్కోటి ముప్ఫై సెకన్లు, రెండు మూడు సార్లు. రోజూ చేస్తే నెలా రెండు నెలల్లో చీలమండ కదలిక పెరుగుతుంది. పాలు పొంగితే నాకు సంబంధం లేదు.

మడమ నొప్పి: మీరు చెప్పిన తీరు చూస్తే అరికాలి కింద ఉండే గట్టి పొర, ప్లాంటార్ ఫేషియా అంటాం, అదే అనిపిస్తోంది. చూడకుండా ఖాయంగా చెప్పలేను. దీనికి పిక్కలు మాత్రమే లాగితే చాలదు. మంచం మీదే కూర్చుని ఆ కాలిని రెండో మోకాలి మీద వేసుకోండి. చేత్తో కాలివేళ్ళని వెనక్కి, మోకాలి వైపుకి వంచండి. రెండో చేత్తో తడిమితే అరికాల్లో తాడులా బిగుస్తుంది. పది అంకెలు పట్టి వదలండి, అలా పదిసార్లు. మొదటి అడుగు వేయకముందే చేయాలి, అది ముఖ్యం. రోజులో ఇంకో రెండుసార్లు.

దాంతో పాటు బలం. మెట్టు అంచున నిలబడి, చుట్టిన తువ్వాలు కాలివేళ్ళ కింద పెట్టి, మూడు అంకెల్లో మెల్లగా మడమ లేపడం, పైన రెండు అంకెలు ఆగడం, మూడు అంకెల్లో దిగడం. రోజు విడిచి రోజు. ఇది నెలల పని, వారంలో తగ్గలేదని ఆపకండి.

నెక్లెస్‌రోడ్_సరళ | రాత్రి 9:50

నాకు మడమ కింద. మా ఆఫీస్‌లో ఒకతనికి మడమ వెనక, పిక్క నరం (టెండన్) అతుక్కునే చోట నొప్పి. అతనికి కూడా ఇదే చెప్పొచ్చా?

ఫిజియో_పద్మ | రాత్రి 10:05

వద్దు! మంచి ప్రశ్న అడిగారు. మడమ ఎముకకి నరం అతుక్కునే చోటే నొప్పి ఉంటే పిక్క గట్టిగా లాగినప్పుడల్లా ఆ నరం ఎముకకి ఒత్తుకుంటుంది. ఇంకా రేగుతుంది. అలాంటివాళ్ళు మడమని మెట్టు కిందికి దించకుండా, సమంగా ఉన్న నేల మీదే లేపి దించాలి. పిరుదు అడుగున, కూర్చునే ఎముక దగ్గర నొప్పి ఉన్నవాళ్ళదీ ఇదే కథ. బిగుసుకుపోయింది అనుకుని రోజూ వంగి వంగి లాగుతారు, లాగడమే దాన్ని మాననివ్వదు. లాగినప్పుడు హాయిగా ఉండి మర్నాడు ఎక్కువైతే అది లాగాల్సిన నొప్పి కాదన్నమాట.

సూర్యనమస్కారం_సాయి | ఉదయం 5:58

నేను పరుగుకి ముందు పన్నెండు సూర్య నమస్కారాలు చేస్తాను. ఇది ఏ లెక్కలోకి వస్తుంది?

డల్లాస్_పరుగు | ఉదయం 6:20

ఆగకుండా శ్వాసతో పాటు చేస్తే కదలిక లెక్కలోకే వస్తుంది కదా. ఒక్కో ఆసనంలో నిమిషం ఆగితే రెండో లెక్క. ఇక్కడ జనవరిలో బయట గడ్డకట్టే చలి ఉంటే నేను ఇంట్లోనే ఆరు చేసి, అక్కడికక్కడే మోకాళ్ళు లేపి గెంతి, ఒళ్ళు వెచ్చబడ్డాకే తలుపు తీస్తాను. చివర్లో రెండు మూడు స్పీడ్ పరుగులు మాత్రం బయటే, అవి సూర్య నమస్కారాల్లో రావు.

పీఈటీ_మాష్టారు | ఉదయం 7:30

లాక్టిక్ యాసిడ్ సంగతి ఎవరూ మాట్లాడలేదు.

ఫిజియో_పద్మ | ఉదయం 8:10

కావాలనే ఊరుకున్నాను మాష్టారూ. 🙂 అది పరుగు ఆపిన గంట, గంటన్నరలో దానంతటదే రక్తంలోంచి తగ్గిపోతుంది, సాగదీసినా సాగదీయకపోయినా. మర్నాడో మూడోనాడో వచ్చే నొప్పి అలవాటు లేని పని వల్ల కండరం పోగుల్లో కలిగే చిన్న చిన్న దెబ్బలది. ముఖ్యంగా దిగుడు పరుగులో.

బీచ్‌రోడ్_బాబాయ్ | ఉదయం 8:25

ఇది నిజం. కైలాసగిరి ఎక్కిన రోజు ఏం కాలేదు, పరిగెత్తుతూ దిగిన రోజు మూడు రోజులు కుర్చీలోంచి లేవడానికి మనిషి సాయం కావాల్సి వచ్చింది. ఆ రోజు అరగంట స్ట్రెచింగ్ కూడా చేశాను.

ఫిజియో_పద్మ | ఉదయం 8:40

అవును, పరుగు తర్వాత సాగదీస్తే ఆ నొప్పి తగ్గేది చాలా స్వల్పం. అయినా పరుగు తర్వాత సాగదీయొద్దని నేను అనను. అప్పుడు ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, మనసుకి బాగుంటుంది, కదలిక పెంచుకోవడానికి అదీ ఒక మంచి వేళే. మర్నాటి నొప్పికి మందు అని మాత్రం చెప్పకండి.

డల్లాస్_పరుగు | ఉదయం 8:55

ఇంకో సంగతి, మాష్టారి వైపు నుంచే. అమెరికాలో 2700 మందికి పైగా రన్నర్లని మూడు నెలలు చూశారు. ముందు సాగదీసినవాళ్ళకీ సాగదీయనివాళ్ళకీ దెబ్బల్లో తేడా లేదు. కానీ ఎప్పటి నుంచో సాగదీసే అలవాటున్నవాళ్ళని హఠాత్తుగా మాన్పిస్తే వాళ్ళకి దెబ్బలు ఎక్కువయ్యాయి. అంటే ఏళ్ళుగా చేస్తూ బాగున్నవాళ్ళు ఈ చర్చ చదివి రేపటి నుంచి మానేయక్కర్లేదు.

పీఈటీ_మాష్టారు | ఉదయం 9:02

ఇదీ మాట.

ఖాకీకల_23 | ఉదయం 11:15

మేడమ్, అన్నా, మాష్టారూ, అందరికీ థాంక్స్. ఇన్ని చదివాక నాకు ఒకటే అర్థం కావట్లేదు. రేపు పొద్దున గ్రౌండ్‌కి పోయి ఏం చేయాలి, ఏ వరసలో? ఇంకోటి, ఈవెంట్స్ రోజు మన వంతు వచ్చేదాకా గంటల కొద్దీ కూర్చోబెడతారట. అప్పటికి వార్మప్ మొత్తం చల్లారిపోతుంది కదా?

ఫిజియో_పద్మ | మధ్యాహ్నం 1:35

ముందు ఆ తొడ సంగతి. రెండు వారాలు టైమింగ్ పరుగులు ఆపండి. మెల్లటి జాగింగ్ నొప్పి లేకుండా వస్తే చేయండి. లాగడం వద్దు. వెల్లకిలా పడుకుని మడమలు మంచం అంచు మీద పెట్టి నడుము పైకి లేపి మెల్లగా దించండి, 8 నుంచి 10 సార్లు, మూడు విడతలు. రెండు కాళ్ళతో తేలికయ్యాకే ఒంటికాలు. స్పీడ్ ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా పెంచండి. గుంజితే ఒక మెట్టు వెనక్కి.

టైమింగ్ రోజు: పది నిమిషాలు మెల్లగా జాగింగ్. ఆ వేడి మీద కంచె పట్టుకుని ఒక్కో కాలు ముందుకీ వెనక్కీ పన్నెండు ఊపులు, ఆ తర్వాత పక్కలకి పన్నెండు. ఊపు చిన్నగా మొదలుపెట్టి పెద్దది చేయాలి, మొదటి ఊపుకే ఆకాశాన్ని తన్నొద్దు. పెద్ద అంగ వేసి మోకాలు వంచుతూ ఇరవై అడుగులు నడక. మోకాళ్ళు నడుము దాకా లేపుతూ ఇరవై మీటర్లు, మడమలు వెనక తగిలేలా ఇరవై మీటర్లు. ఎక్కడైనా బిగువు అనిపిస్తే అక్కడ మాత్రం 15–20 సెకన్లు పట్టుకోండి, తప్పు లేదు. చివర్లో 80 మీటర్ల పరుగులు మూడు, మూడోది రేసు వేగం కన్నా కొంచెం ఎక్కువ. మధ్యలో నడుస్తూ వెనక్కి రండి. మొత్తం 20 నిమిషాలు. ఆ తర్వాత ఐదు పది నిమిషాల్లో రేసు.

కూర్చోబెట్టిన రోజు: పొద్దున్నే మొత్తం చేసేసి అలిసిపోవద్దు. స్వెటర్, ట్రాక్ ప్యాంట్ ఒంటి మీదే ఉంచండి. మీ ముందు రెండు బ్యాచ్‌లు ఉన్నాయి అనగా లేచి నిలబడి, ఉన్నచోటే మోకాళ్ళు లేపడం, మునివేళ్ళ మీద గెంతడం, కాలు ఊపడం. నవ్వేవాళ్ళు నవ్వుతారు. పరుగు అయ్యాక ఎత్తు కొలత దగ్గర మళ్ళీ చల్లారిపోతారు, కాబట్టి లాంగ్ జంప్‌కి ముందు ఐదు నిమిషాలు ఇదే మళ్ళీ. అక్కడ మాత్రం కూర్చుని తొడలు లాగొద్దు, దూకే విసురు అప్పుడే కావాలి.

బీచ్‌రోడ్_బాబాయ్ | మధ్యాహ్నం 2:10

తమ్ముడూ, 7:15 అంటే 400 మీటర్ల రౌండ్‌కి దాదాపు 1 నిమిషం 49 సెకన్లు. నువ్వు మొదటి రౌండ్ ఎంతలో కొడుతున్నావు?

ఖాకీకల_23 | మధ్యాహ్నం 2:18

1:30 అన్నా.

బీచ్‌రోడ్_బాబాయ్ | మధ్యాహ్నం 2:20

అయితే నీ తొడని స్ట్రెచింగ్ కాపాడదు, వాచీ కాపాడుతుంది.

ఖాకీకల_23 | ఐదు వారాల తర్వాత, సాయంత్రం 6:45

అప్‌డేట్. రెండు వారాలు మేడమ్ చెప్పినట్టు మెల్లగానే పోయిన. సార్‌తో గొడవ పెట్టుకోలేదు. అరగంట ముందే గ్రౌండ్‌కి పోయి నా జాగింగ్ నేను చేసుకుని లైన్‌లో నిలబడుతున్నా, నూరు అంకెల బదులు ఇరవై లెక్కపెట్టి వదిలేస్తున్నా. వీపు మీద నొక్కొద్దని చెప్పేసిన. ఆదివారం మాక్ ఈవెంట్స్ పెట్టారు, గంటంబావు కూర్చోబెట్టారు. నేను లేచి గెంతుతుంటే అందరూ నవ్విండ్రు. మొదటి రౌండ్ 1:45. మొత్తం 7:09. తొడ గుంజలేదు. లాంగ్ జంప్ 3.85 దగ్గరే ఉంది, దానికి వేరే పోస్ట్ పెడతా.

నెక్లెస్‌రోడ్_సరళ | సాయంత్రం 7:20

శభాష్ తమ్ముడూ! నా మేకు ఇప్పుడు గుండుసూది అయింది. పాలు రెండుసార్లు పొంగాయి.

పీఈటీ_మాష్టారు | రాత్రి 8:00

మా ఊరి స్కూల్ గ్రౌండ్‌లో ఇప్పటికీ పొద్దున పూట పిల్లల్ని పరిగెత్తిస్తుంటాను. ఇవాళ రెండు రౌండ్లు అయ్యాక సాగదీయడం బదులు కాళ్ళు ఊపడం నేర్పించాను. వరసలో రెండోవాడు ముందువాడి నడుం మీద తన్నాడు. దూరం దూరంగా నిలబెట్టాలని ఇంతమందిలో ఒక్కరు కూడా చెప్పలేదేంటమ్మా?